చేతిపని సర్టిఫికెట్‌తో కాలేజీ గడప దాటగలమా?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడాదీ ఈ సభలో చదువు గురించి మాట్లాడేటప్పుడు పదో తరగతిలో, ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను పిలిచి శాలువా కప్పుతున్నాం. అది మంచి పనే, ఇకముందు కూడా చేస్తాం. అయితే ఈసారి పిల్లల గురించి కాకుండా, ఆ పిల్లలను తీసుకొచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్న పెద్దల గురించి మాట్లాడదామని అనుకున్నాం. ముప్పై ఏళ్లు, ముప్పై అయిదేళ్లు, నలభై ఏళ్లు వచ్చినవాళ్లు. ఎప్పుడో చదువు మధ్యలో ఆపేసి మగ్గం ఎక్కినవాళ్లు, పవర్‌లూం ఖార్ఖానాకు వెళ్లినవాళ్లు, కుట్టు మిషను ముందు కూర్చున్నవాళ్లు. "మాకు పని వచ్చు, ట్రైనింగ్ సర్టిఫికెట్ కూడా ఉంది, దీనితో డిగ్రీలో చేరొచ్చా?" అని మమ్మల్ని అడిగేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అది చెప్పకుండా ఈ మాటలు మాట్లాడే హక్కు మాకు లేదు.

కొన్నేళ్ల కిందట సోలాపూర్‌లో మా తరఫున మూడు నెలల కుట్టు శిక్షణ నడిపించాం. టవల్ అంచులు కుట్టే పనిలో ఉన్న మన ఆడపడుచులు వచ్చి నేర్చుకున్నారు. చివరి రోజు చిన్న సభ పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చాం. ఆ రోజు ఉత్సాహంలో మాలో ఒకరు మైకు పట్టుకుని, "ఈ సర్టిఫికెట్ మీ చేతిలో ఉంటే ఇక కాలేజీకి కూడా దారి తెరుచుకున్నట్టే" అనేశారు. అందరూ చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాం. ఆ మాట నిజమా కాదా అని ఎవ్వరం విచారించలేదు.

అప్పుడు అక్కడ ముప్పై నాలుగేళ్ల అక్క ఒకామె ఉంది. పదో తరగతి పాసై, పెళ్లయి, ఇద్దరు పిల్లల తల్లి. ఆమె మా మాట నమ్మింది. ఆ ఏడాది అడ్మిషన్ల సమయంలో సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఒక డిగ్రీ కాలేజీకి వెళ్లింది. కౌంటర్ దగ్గరి గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పన్నెండో తరగతి మార్కుల మెమో ఏదమ్మా?" అన్నాడు. లేదంది. అయితే కుదరదన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయన నియమం చెప్పాడు. తర్వాత ఆ అక్క మా దగ్గరికి వచ్చి కోప్పడలేదు. "ఆ కాయితం తీసి చూపిచ్చినప్పుడు నాకే సిగ్గయ్యింది అన్నా, ఇంకెప్పుడు ఎవ్వరికీ ఇట్ల చెప్పకుండ్రి" అని మాత్రం అంది.

ఆ మాట మాకు గట్టిగానే తగిలింది. ఆ రోజు నుంచి మేము ఒక్కొక్క రాష్ట్రం నియమాలు చదవడం, కాలేజీలకు వెళ్లి అడగడం, చేరినవాళ్లతో మాట్లాడడం మొదలుపెట్టాం. ఈ రోజు చెప్పేది అదే. ఎవ్వరినీ ఊరించడానికి కాదు, నిరాశపరచడానికి అంతకంటే కాదు.

మనం ఎవరి గురించి మాట్లాడుతున్నాం

కేంద్ర ప్రభుత్వం చేసిన నాలుగో చేనేత గణన, 2019-20 నాటిది, దేశంలో చేనేత కార్మికులు, అనుబంధ కార్మికులు కలిపి 35 లక్షలకు పైగా ఉన్నారని చెప్పింది. వాళ్లలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే. అంటే ఈ చర్చ మగపిల్లల ఉద్యోగాల చర్చ మాత్రమే కాదు. కండెలు చుట్టిన అమ్మలది, ఆసు పోసిన అక్కలది, పొద్దున వంట చేసి మధ్యాహ్నం మగ్గంలో కూర్చున్న వదినలది.

వాళ్ల చదువు ఎందుకు ఆగిందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంట్లో పడుగు సాగుతుంటే ఒక చెయ్యి తక్కువై బడి మానేసినవాళ్లు ఉన్నారు. తండ్రి ఊరు మారితే బడి మారి, భాష మారి, అర్థం కాక ఆపేసినవాళ్లు ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, పుస్తకంలో ఇంగ్లీషు. సేలంలో తమిళం, బరంపురంలో ఒడియా, బెంగళూరులో కన్నడం. మనవాళ్లకు తెలివి తక్కువై చదువు ఆగలేదు. వాళ్లు చేసే లెక్క చూడండి. అచ్చు నంబరు చెబితే పడుగులో ఎన్ని పోగులు కావాలో నోటితో చెప్పగలరు. కానీ ఆ లెక్కకు మార్కుల మెమో లేదు.

సూటిగా జవాబు

వృత్తి విద్య సర్టిఫికెట్ ఉంటే పెద్ద వయసులో విశ్వవిద్యాలయంలో చేరడానికి పనికొస్తుందా? పనికొస్తుంది, అయితే అన్ని సర్టిఫికెట్లూ కాదు. పేరు ఒకటే అయినా కాగితాలు మూడు రకాలు. ఇది తెలియకే మేమూ తప్పు చేశాం.

మొదటి రకం: తక్కువ కాలం శిక్షణలు. మూడు నెలలు, ఆరు నెలలు, కొన్నిసార్లు కొద్ది రోజులే. జౌళి శాఖవారి సమర్థ్ పథకం, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వంటివి ఇందులోకి వస్తాయి. ఇప్పటికే పని వచ్చినవాళ్లను పరీక్షించి, "వీరికి ఈ పని వచ్చు" అని ఇచ్చే సర్టిఫికెట్ కూడా ఇందులోదే. ఇవి పనికిరానివి అని మేము అనడం లేదు. పని దొరకడానికి, బ్యాంకులో లోను అడగడానికి, ఒక యూనిట్‌లో సూపర్‌వైజరుగా చూపించుకోవడానికి ఉపయోగపడతాయి. కానీ డిగ్రీ అడ్మిషన్ కౌంటర్ దగ్గర 12వ తరగతికి బదులుగా ఇవి చెల్లవు. ఆ అక్క చేతిలో ఉన్నది ఈ రకమే.

రెండో రకం: ఐటీఐ. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి రెండేళ్ల ట్రేడులు. వీటికి బలం ఉంది. పదో తరగతి పాసై రెండేళ్ల ఐటీఐ చేసినవారికి పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో ఏడులోకి వెళ్లే దారి ఉంది. దీన్నే లేటరల్ ఎంట్రీ అంటారు. ఇంకో దారి కూడా ఉంది. ఐటీఐ శిక్షణ విభాగానికీ, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్ఐఓఎస్‌కూ మధ్య 2016లో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఐటీఐలో చదివినదాన్ని కొన్ని సబ్జెక్టుల కింద లెక్కలోకి తీసుకుంటారు. మిగిలిన సబ్జెక్టులు, ముఖ్యంగా భాష, పరీక్ష రాసి పాసైతే 10 గానీ 12 గానీ సర్టిఫికెట్ వస్తుంది. మన ఇళ్లలో ఎప్పుడో ఐటీఐ చేసి ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేసిన అన్నలు చాలామంది ఉన్నారు. ఇంటికి వెళ్లగానే దాన్ని బయటికి తియ్యండి.

మూడో రకం: మూడేళ్ల డిప్లొమా, బోర్డు గుర్తింపు ఉన్న 12వ తరగతి ఒకేషనల్ కోర్సు. అన్నిటికంటే గట్టివి ఇవే. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశానికి 2022 నుంచి సీయూఈటీ పరీక్ష పెడుతున్నారు కదా. ఆ పరీక్షకు 12వ తరగతితో సమానంగా ఒప్పుకునే అర్హతల జాబితాలో ఒకేషనల్ హయ్యర్ సెకండరీ ఉంది, కనీసం మూడేళ్ల గుర్తింపు పొందిన డిప్లొమా ఉంది, కనీసం అయిదు సబ్జెక్టులతో పాసైన ఎన్ఐఓఎస్ 12వ తరగతి ఉంది. తమిళనాడు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో అయితే ఒకేషనల్ చదివినవారికి విడిగానే ఒక విభాగం ఉంది.

మన పనికి దగ్గరైన డిప్లొమా కూడా ఒకటి ఉంది. చేనేత, జౌళి సాంకేతిక డిప్లొమా, మూడేళ్లది. సేలంలో, ఒడిశాలోని బర్గఢ్‌లో భారతీయ చేనేత సాంకేతిక సంస్థలు ఉన్నాయి. కర్ణాటకలో గదగ్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో వెంకటగిరిలో ఇలాంటి సంస్థలే ఉన్నాయి. 2024లో హైదరాబాదులోనూ కొత్తగా మొదలైంది. అయితే ఒక్క మాట. ఈ రెగ్యులర్ డిప్లొమాల్లో చేరడానికి వయసు పరిమితి పెడుతున్నారు. ఇరవై దాటిన కుర్రవాడికి అవకాశం ఉండొచ్చు గానీ నలభై ఏళ్ల నేత కార్మికుడికి ఆ గేటు తెరుచుకోదు. ఇది మాకు అన్యాయంగానే అనిపిస్తుంది. పుట్టినప్పటి నుంచి మగ్గం చూసినవాడికి చేనేత చదువులో వయసు అడ్డేమిటి? ఈ విషయం మన సమాఖ్య వినతిపత్రంలో పెట్టాలని ఈ సభను కోరుతున్నాం.

వయసు ఎక్కడ అడ్డు, ఎక్కడ కాదు

"ఈ వయసులో ఎవరు చేర్చుకుంటారు" అని చాలామంది అడగకముందే ఆగిపోతున్నారు. అందుకని వివరంగా చెబుతున్నాం.

ఎన్ఐఓఎస్‌లో 10వ తరగతికి కనీసం 14 ఏళ్లు, 12కు కనీసం 15 ఏళ్లు ఉండాలి. పైన పరిమితి లేదు. అరవై ఏళ్ల తాతయ్య కూడా రాయొచ్చు. అయిదు సబ్జెక్టులు. ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలు. ఒకసారి చేరితే అయిదేళ్లలోపు ఒక్కొక్క సబ్జెక్టు చొప్పున పాసవుతూ పోవచ్చు. పండగ సీజన్‌లో ఆర్డర్లు ఎక్కువుంటే ఆ విడత వదిలేసి వచ్చే విడత రాసుకోవచ్చు. మన పనికి ఇది బాగా సరిపోతుంది. పదో తరగతి తెలుగులో రాయొచ్చు, మరాఠీలో, తమిళంలో, ఒడియాలో కూడా రాయొచ్చు. అయితే పదికీ పన్నెండుకీ మధ్య రెండేళ్ల ఎడం ఉండాలి. కాబట్టి పది ఇంకా కానివాళ్లు మూడేళ్ల లెక్క వేసుకోండి. పది ఎప్పుడో పాసైనవాళ్లకు ఆ ఇబ్బంది లేదు.

సీయూఈటీకి వయసు పరిమితి లేదు. సార్వత్రిక విశ్వవిద్యాలయాలు పుట్టిందే పెద్దవాళ్ల కోసం. హైదరాబాదులో 1982లో మొదలైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొట్టమొదటిది. తర్వాత 1985లో ఇగ్నో వచ్చింది. మహారాష్ట్రవాళ్లకు నాసిక్‌లో యశ్వంత్‌రావ్ చవాన్ విశ్వవిద్యాలయం, కర్ణాటకవాళ్లకు మైసూరులో, తమిళనాడువాళ్లకు చెన్నైలో, ఒడిశావాళ్లకు సంబల్‌పూర్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఉన్నాయి.

యానాంవాళ్ల సంగతి వేరు. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన పుదుచ్చేరిది. అక్కడ డిగ్రీ కాలేజీ పుదుచ్చేరి విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది, అడ్మిషన్లు సెంటాక్ ద్వారా జరుగుతాయి. కాకినాడ పక్కనే ఉంది కదా అని ఆంధ్ర నియమాలు చూసి మోసపోకండి. మీ నియమాలు పుదుచ్చేరి ప్రకటనలో చూసుకోండి.

డిప్లొమా తర్వాత మెట్టు

డిప్లొమా పాసైనవారికి బీఈ, బీటెక్ రెండో ఏడులో నేరుగా చేరే అవకాశం అన్ని రాష్ట్రాల్లో ఉంది. కర్ణాటకలో డీసెట్ రాయాలి. ఆంధ్ర, తెలంగాణల్లో ఈసెట్ అంటారు. ఒడిశాలో ఓజేఈఈ ద్వారా, మహారాష్ట్రలో డైరెక్ట్ సెకండ్ ఇయర్ కౌన్సెలింగ్ ద్వారా, తమిళనాడులో లేటరల్ ఎంట్రీ కౌన్సెలింగ్ ద్వారా వెళ్తారు.

ఇంకో మంచి మాట. పనిచేస్తున్నవారి కోసం, వాళ్ల వేళలకు తగ్గట్టుగా ఇంజినీరింగ్ తరగతులు నడపడానికి ఏఐసీటీఈ 2023 నుంచి కాలేజీలకు అనుమతి ఇస్తోంది. దీనికి కనీసం ఏడాది పని అనుభవం కావాలి. అంటే ఇక్కడ వయసు, అనుభవం లోపం కాదు, అర్హత. డిప్లొమా చేసి మిల్లులో పనిచేస్తున్న మన తమ్ముళ్లు దగ్గర్లో ఏ కాలేజీకి ఈ అనుమతి ఉందో అడిగి తెలుసుకోవాలి.

అయితే లోపలికి వెళ్లిన తర్వాత ఏమవుతుందో కూడా చెప్పాలి. దొడ్డబళ్లాపురం వైపు మన తమ్ముడొకడు ఐటీఐ చేసి, పవర్‌లూం రిపేరు పని చేస్తూ, ఇరవై ఆరో ఏట డిప్లొమా రెండో ఏడులో చేరాడు. అది పూర్తిచేసి బీఈ రెండో ఏడులో చేరాడు. వర్క్‌షాపులో లెక్చరర్ కంటే ముందే మోటారు విప్పి చూపించేవాడు. కానీ లెక్కల పేపరు రెండుసార్లు తప్పాడు. కారణం తెలివి కాదు. మొదటి ఏడు లెక్కలు అతను చదవలేదు, పన్నెండు లెక్కలు చదవలేదు, అంతా ఇంగ్లీషులో. పక్కన పద్దెనిమిదేళ్ల పిల్లలు. మూడోసారి గట్టెక్కాడు. "చేరడం కంటే మొదటి ఆరు నెలలు నిలబడడం కష్టం అన్నా" అని చెప్పాడు. వృత్తి సర్టిఫికెట్ గేటు తెరుస్తుంది, లోపల లెక్కలూ ఇంగ్లీషూ మనమే మోసుకోవాలి. చేరకముందే మూడు నెలలు ఆ రెండూ దిద్దుకుంటే సగం భయం పోతుంది.

క్రెడిట్లు అని వింటున్నాం, అదేమిటి?

కుర్రాళ్లు ఈ మధ్య "అంకుల్, ఇక పనికి కూడా క్రెడిట్లు ఇస్తారట" అంటున్నారు. నిజమే. 2023లో జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. 30 గంటల అభ్యాసం ఒక క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు అని లెక్క పెట్టారు. బడి చదువు, వృత్తి శిక్షణ, పని అనుభవం మూడింటినీ ఒకే కొలతతో కొలవాలన్నది ఉద్దేశం. పోగైన క్రెడిట్లు దాచుకోవడానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని పెట్టారు.

మన లెక్కకు తెస్తే, రోజుకు ఎనిమిది గంటలు మగ్గంలో కూర్చునే మనిషికి 150 రోజుల్లో 1200 గంటలు అవుతాయి. ఇరవై ఏళ్లు నేసినవాడి దగ్గర ఎన్ని గంటలు ఉన్నాయో మీరే ఆలోచించండి. కానీ మగ్గంలో కూర్చున్నంత మాత్రాన క్రెడిట్లు రావు. ఎవరో ఒకరు పరీక్షించి, అంచనా వేసి ఇవ్వాలి, ఆ కాలేజీ ఒప్పుకోవాలి.

ఇక్కడే ఒక మోసం జరుగుతోంది. శిక్షణ సర్టిఫికెట్ మీద "లెవెల్ 4" అని ఉంటుంది. ఆ చట్రంలో 12వ తరగతి కూడా లెవెల్ 4 వద్దే ఉంటుంది. దాన్ని చూపించి కొందరు ఏజెంట్లు "ఇది ఇంటర్‌తో సమానం, డిగ్రీ సీటు ఇప్పిస్తాం" అని డబ్బు అడుగుతున్నారు. మెట్టు ఒకటే అయినంత మాత్రాన కాగితం ఒకటి కాదు. 60 నంబరు నూలని చెప్పినంత మాత్రాన పట్టూ పత్తీ ఒకటవుతాయా? మీరు చేరాలనుకున్న విశ్వవిద్యాలయం ప్రకటనలో ఆ సర్టిఫికెట్ పేరు ఉందో లేదో చూడండి. ఉంటే ఉంది. లేకపోతే లేదు.

ముందుగా అడగాల్సిన అయిదు ప్రశ్నలు

ఫీజు కట్టే ముందు ఈ అయిదూ అడగండి. కాగితం మీద రాసుకుని వెళ్లండి, సిగ్గుపడొద్దు.

ఒకటి, ఈ సర్టిఫికెట్ ఇచ్చేది గుర్తింపు ఉన్న బోర్డా, శిక్షణ సంస్థా?

రెండు, నేను చేరాలనుకున్న కోర్సు అర్హతల్లో దీని పేరు రాసి ఉందా?

మూడు, దూరవిద్య అయితే ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు, ఈ సంవత్సరానికి యూజీసీ దూరవిద్యా బ్యూరో అనుమతి ఉందా? నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను కూడా యూజీసీ ప్రకటిస్తుంది, ఫోనులోనే చూడొచ్చు.

నాలుగు, 10, 12, డిగ్రీ అనే వరుస తప్పుతోందా? ఇది తమిళనాడువాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఒకప్పుడు పదీ పన్నెండూ లేకుండానే అర్హత పరీక్ష రాసి సార్వత్రిక డిగ్రీలో చేరేవారు. మనవాళ్లు చాలామంది అలా చదివారు. కానీ తమిళనాడు ప్రభుత్వం 2009లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, పది, పన్నెండు పాసైన తర్వాత చేసిన సార్వత్రిక డిగ్రీనే ప్రభుత్వ ఉద్యోగానికి లెక్కిస్తారు. కాబట్టి దగ్గరి దారి అని పన్నెండు వదిలేసి పోవద్దు. చదువు కోసం చదివితే నష్టం లేదు. ఉద్యోగం కోసమైతే వరుస తప్పకండి.

అయిదు, "ఒకే సిట్టింగ్‌లో పది, ఇంటర్, డిగ్రీ" అని ఎవరైనా అంటున్నారా? అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి.

డబ్బు సంగతి

2016 ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు, జౌళి మంత్రిత్వ శాఖ ఎన్ఐఓఎస్‌తోనూ, ఇగ్నోతోనూ ఒప్పందాలు చేసుకుంది. నేత కుటుంబాల్లోని ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికీ, మహిళలకూ ఫీజులో 75 శాతం మంత్రిత్వ శాఖే భరిస్తుందని అందులో ఉంది. చేనేత కార్మికుల పిల్లలు గుర్తింపు పొందిన జౌళి విద్యాసంస్థల్లో డిప్లొమా, డిగ్రీ చదివితే ఏడాదికి 2 లక్షల రూపాయల వరకు, ఇద్దరు పిల్లల దాకా ఉపకారవేతనం ఇచ్చే పథకం కూడా ఉంది. వీటికి నేత కార్మికుడి గుర్తింపు కార్డు కావాలి. ఆ కార్డును గణనలో పేరు ఉన్నవారికి ఇచ్చారు. పవర్‌లూం మీద పనిచేసేవాళ్లు, కుట్టుపనివాళ్లు చేనేత పథకాల్లోకి రారు. దగ్గర్లోని వీవర్స్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఈ ఏడాది ఏది నడుస్తోందో అడిగిన తర్వాతే ఆశ పెట్టుకోండి.

డిగ్రీ వస్తే కూలి పెరుగుతుందా?

ఈ ప్రసంగానికి ముందు బరంపురం పెద్దాయన ఒకరు మమ్మల్ని నిలదీశారు. "నలభై ఏళ్ల మనిషికి డిగ్రీ ఎందుకయ్యా? చీరకు పది రూపాయలు కూలి ఎక్కువిస్తారా?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. డిగ్రీ ఉన్న నేతగాడికీ లేని నేతగాడికీ షావుకారు ఒకే కూలి ఇస్తాడు. ఇందులో దాపరికం ఏమీ లేదు.

కానీ మగ్గం చుట్టూ ఉన్న పనులు చూడండి. సొసైటీ లెక్కలు రాసేది ఎవరు? పథకాల కాగితాలు నింపేది ఎవరు? శిక్షణ కేంద్రంలో పాఠం చెప్పేది ఎవరు? చాలాచోట్ల పోగు ముట్టనివాళ్లు. అర్హత అడిగితే మన దగ్గర లేదు కాబట్టి. ముప్పై ఏళ్లు జాకార్డు నడిపిన మనిషి ఎదురుగా నిలబడి, పుస్తకంలో జాకార్డు చూసిన కుర్రాడి దగ్గర శిక్షణ తీసుకుని సంతకం పెట్టడం మేము కళ్లారా చూశాం. ఆ కుర్చీలో మనవాళ్లు కూర్చోవాలంటే పనితనంతో పాటు కాగితం కావాలి. అది పెద్ద వయసులో వచ్చినా కాగితమే.

చదువుకుంటే మగ్గం వదిలేస్తారు అన్నది ఇంకో భయం. మగ్గం వదిలేసినవాళ్లలో ఎక్కువమంది చదువుకుని వదల్లేదండీ. గిట్టుబాటు కాక వదిలారు. ఆ సంగతి మనందరికీ తెలుసు.

చివరిగా

ఆ సోలాపూర్ అక్క సంగతి చెప్పి ముగిస్తాం. మా తప్పు తెలిశాక ఆమె దగ్గరికి వెళ్లి, ఫారం మేమే నింపి ఎన్ఐఓఎస్ పన్నెండులో చేర్పించాం. అయిదు సబ్జెక్టులు ఒక్కసారి రాయలేదు. మొదటి విడత రెండు, తర్వాత రెండు, ఆఖరున ఒకటి. పరీక్షల రోజుల్లో టవళ్ల మూటలు ఆమె చెల్లెలు కుట్టిపెట్టింది. ఇప్పుడు నాసిక్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో మరాఠీ మాధ్యమంలో బీఏ రెండో ఏడు చదువుతోంది. మేము ఇచ్చిన ఆ కుట్టు సర్టిఫికెట్ ఏమైందని అడిగాం. "ఉంది అన్నా. అది కాలేజీకి పనికి రాలేదు గని, ఆ మూడు నెలలు బెంచీ మీద కూసున్నంకనే మళ్ల సదవాలని బుద్ధి పుట్టింది" అంది.

మేము ఇచ్చిన కాగితం చేసిన మేలు అంతే. అది చిన్నది కాదు, కానీ మేము మైకులో చెప్పినంత పెద్దదీ కాదు.

ప్రతి శాఖనూ ఒక్క పని చేయమని అడుగుతున్నాం. ఈ నెలలో మీ వీధిలో ఇల్లిల్లూ తిరిగి మూడు జాబితాలు రాయండి. పది కానివాళ్లు, పది అయి పన్నెండు కానివాళ్లు, ఐటీఐ గానీ డిప్లొమా గానీ ఉండి ఊరుకున్నవాళ్లు. ఒక్కొక్కరి పక్కన వయసు, ఏ భాషలో చదవగలరో రాయండి. జాబితా మాకు పంపితే ఎవరికి ఏ దారి ఉందో చూసి, దారి లేకపోతే లేదనే చెబుతాం. ఇకమీదట మా శిక్షణ సర్టిఫికెట్లు ఇచ్చే రోజున, అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తెలుగులోనూ, ఆ ఊరి భాషలోనూ రాసిన కాగితం కూడా దానితో పాటే ఇస్తాం. ఈ మాట సభాముఖంగా ఇస్తున్నాం, తప్పితే వచ్చే ఏడాది ఇదే వేదిక మీద మమ్మల్ని నిలదీయండి.

పాత పడుగు అయిపోతే మగ్గం విప్పి పారెయ్యం. మిగిలిన పోగులకు కొత్త పడుగు అతుకుతాం. ఆగిపోయిన చదువుకు కూడా అంతే చేద్దాం. ఓపిక మనకు కొత్త కాదు.

 జై చేనేత.